మా నాయనమ్మ క్యాలెండరెక్కిన ఏడాది

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు బషీర్‌బాగ్‌లో కొత్తగా కిరాయికి దిగిన ఇల్లు చూపిస్తానని నన్ను లాక్కుపోయింది. ఇల్లు బాగానే ఉంది, గాలి వస్తుంది, నీళ్ళే రావట, అది వేరే సంగతి. హాల్లో ఒక గోడకు ఈ మూల నుంచి ఆ మూలకు జనపతాడు కట్టి, బట్టల క్లిప్పులతో తన పెళ్ళి ఫొటోలు, పిల్లవాడి ఫొటోలు వరసగా వేలాడదీసింది. అద్దం లేదు, చట్రం లేదు. ఇదేమిటే, లుంగీలు ఆరేసినట్టు మొగుణ్ణి ఆరేశావు అన్నాను. ఇప్పుడిదే ఫ్యాషన్ పెద్దమ్మా, ఫ్రేములు కట్టించుకోవడం పాతకాలం పద్ధతి, మీకు తెలియదులే అంది. మీకు తెలియదు అన్న మాట నాతో అనకూడదని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు, ఈ పిల్ల ఎట్లా మరిచిపోయిందో. అది ఇచ్చిన చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా చెప్పాను, చట్రం లేని ఫొటోలను గోడకెక్కించే విద్య మా ఇంటి ఆడవాళ్ళు నలభై ఏళ్ళ కిందనే నాంపల్లిలో సాధించారని, దానివల్ల మా నాయనమ్మ కొన్నాళ్ళపాటు దేవత కూడా అయిందని. అది నమ్మలేదు. నమ్మేవాళ్ళకు చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గోడ మీద అద్దం చట్రంలోకి ఎక్కాలంటే దేవుడన్నా అయి ఉండాలి, నాయకుడన్నా అయి ఉండాలి, లేదా పోయి ఉండాలి. బతికున్న ఆడవాళ్ళ ఫొటో ఒకవేళ ఉన్నా అది ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద కలరా ఉండల వాసనలో పడుకుని ఉండేది, చుట్టాలొస్తే బయటికి తీసి చూపించి, మళ్ళీ పడుకోబెట్టేవాళ్ళం.

అప్పుడు మేము నాంపల్లి స్టేషను వెనక సందులో ఉండేవాళ్ళం. పోలీసు యాక్షన్ అయిన నాలుగైదేళ్ళకు నేను కోఠీలో కాలేజీకి వెళ్తున్నాను, ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివినదాన్నని నాకు చాలా గట్టి అభిప్రాయం ఉండేది. నాయనకు ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు, ఎండుమిరపకాయల టోకు దుకాణం. సాయంత్రం ఆయన సందు మలుపు తిరగ్గానే ఇంట్లో మా తుమ్ములు మొదలయ్యేవి, అమ్మ ఆ తుమ్ములు విని పొయ్యి మీద చాయ్ పెట్టేది. నాయన చెల్లెలు, మా మేనత్త, మాతోనే ఉండేది. అత్త భర్త ఆబిడ్స్‌లో ఒక చిన్న ఫొటో స్టూడియో నడిపేవాడు, టైఫాయిడ్ వచ్చి పోయాడు. స్టూడియో గది వేరేవాళ్ళు తీసుకున్నారు. అత్త మాత్రం మూడు కాళ్ళ కెమెరానూ, ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరునూ రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. ముందు గదిలో ఆయన ఫొటోలు తీస్తుంటే వెనక చీకటి గదిలో వాటిని కడిగి, అచ్చు తీసి, ఆరబెట్టే పనంతా ఇన్నేళ్ళూ చేసింది అత్తేనని మాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

వచ్చిన కొద్ది రోజులకే మా స్నానాల గది కిటికీకి నల్ల కంబళి కొట్టి, బల్బుకు ఎర్రకాగితం చుట్టి, మధ్యాహ్నాలు అందులో దూరిపోయేది. మనం నీళ్ళు పోసుకోవాలని తలుపు కొడితే లోపలి నుంచి, జర ఆగున్రి, ఇంక ముక్కు రాలేదు, అని వినపడేది. నాయనమ్మ గడపలో చెంబు పట్టుకుని నిలబడి, తానం జేసే తావుల మొహాలు పుట్టిస్తున్నది నా బిడ్డ, బ్రహ్మదేవుని కొలువు ఊడగొడ్తది, అని సణిగేది. తడి ఫొటోలన్నీ వాకిట్లో దండెం మీద చీరల పక్కన వేలాడేవి, పక్కింటివాళ్ళు ఉప్పు కోసం వచ్చి, ఉప్పు మరిచిపోయి, వాటినే చూస్తూ నిలబడేవారు.

ఆ ఫొటోలు ఆబిడ్స్ ఫొటోల్లా ఉండేవి కావు. ఆబిడ్స్ స్టూడియోల్లో వెనక తెర మీద తోటలు, స్తంభాలు, పాలరాతి మెట్లు ఉండేవి, వాటి ముందు కూర్చోబెట్టి, ఫొటో ఆయన దగ్గరికొచ్చి గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తేవాడు. ఆ వేలికి భయపడే మా సందులో సగం మంది ఆడవాళ్ళు జన్మలో ఫొటో దిగలేదు. అత్త ఎవరినీ ముట్టుకునేది కాదు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది, వాళ్ళు జవాబు చెబుతూ చెబుతూ కెమెరాను మరిచిపోయిన క్షణాన తీసేసేది. జొన్నరొట్టె కొడుతున్న మా అమ్మ, గాజులు తొడిగించుకుంటూ నొప్పికి పెదవి కరిచిన పక్కింటి కొత్తకోడలు, పాలలో నీళ్ళు కలిపావని పాలామెతో వేలెత్తి పోట్లాడుతున్న నేను, ఇట్లా ఉండేవి. నాయనమ్మ మాత్రం ఫొటో దిగితే ఆయుష్షు తరుగుతుందని, కెమెరా బయటికొస్తే చాలు, కొంగు మొహాన కప్పుకునేది. ఒకనాడు వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, ఎండకు కళ్ళు చిట్లించి, నాయనను ఏదో తిట్టబోయి తనకే నవ్వొచ్చి ఆగినప్పుడు, అత్త మేడమెట్ల మీద నుంచి చప్పుడు కాకుండా తీసేసింది. నోట్లో పాన్, ముందుపళ్ళు లేవు, మొహం నిండా వెలుగు. అది నాయనమ్మకు చూపించే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఇట్లా సాగుతుండగా మెదక్ వైపు పల్లె నుంచి అత్త బావగారు, అంటే ఆమె భర్తకు అన్నగారు, కబురు పంపాడు. నుమాయిష్ ఎగ్జిబిషన్ అయిపోయే వేళకు వస్తాను, మరదలిని తీసుకుపోతాను, ఇంట్లో పిల్లలున్నారు, పొలముంది, ఆమెకు లోటేముంది అని. ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే నేనొక్కదాన్నే వాదించి పంపేసేదాన్ని. నాయనకు కూడా అది సబబుగానే తోచింది. అత్త ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ రోజు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె ఆపి, అన్నా, నేను ఊరికి పోను, స్టేషన్ రోడ్డు మీద నాకొక అర్ర కిరాయికి ఇప్పియ్యి, ఆడోళ్ళ ఫొటోలు తీసుకుంట బతుకుత, అంది. ఆడోళ్ళు ఫొటో దిగుతందుకు ఇల్లు దాటి వస్తరా, ఎవలొస్తరు చెప్పు, అన్నాడు నాయన. నేను స్త్రీల స్వాతంత్ర్యం గురించి కాలేజీలో చెప్పిందంతా ఏకబిగిన అప్పజెప్పాను, ఆయన పెరుగన్నం తినడం పూర్తి చేసి చేయి కడుక్కున్నాడు. చివరికి వ్యాపారస్తుడి తీర్పే ఇచ్చాడు.

"సరుకు సూపెట్టకుంట బేరం ఎట్లయితదమ్మా? నుమాయిష్‌ల పెట్టు. ఒకనాడు నేనొచ్చి చూస్త. అడిగెటోళ్ళు ఉన్నరా, అర్ర ఇప్పిస్త. లేరా, బావ ఎంబడి పో."

నుమాయిష్ అంటే మాకు పక్కిల్లే, మైదానంలో జెయింట్ వీల్ తిరిగితే మా మిద్దె మీద నుంచి కనిపించేది. నాయన స్నేహితుడొకాయనకు అక్కడ ఏటా ఊదుబత్తుల స్టాలు ఉండేది, ఆయనను మేము ఊదుబత్తుల మామయ్య అనేవాళ్ళం. ఒక పక్క గోడ ఖాళీగానే ఉంటది, పెట్టుకోన్రి, అన్నాడు మహా సంతోషంగా.

ఇక ఫొటోలను ఎట్లా వేలాడదీయాలన్నది వచ్చింది. గది అడిగిన నోటితో మళ్ళీ ఫ్రేములు కూడా అడగడం అత్తకు ఇష్టం లేదు, పైగా అద్దం వేస్తే నుమాయిష్ లైట్లన్నీ అందులో మెరుస్తాయి తప్ప మనిషి కనపడదు అంది. సరే, మా వరండానే నుమాయిష్ అనుకుని ప్రయోగాలు మొదలుపెట్టాం. తాడు కట్టి క్లిప్పులు పెడితే చలికాలపు పొడిగాలికి ఫొటోలు బొమ్మ వైపుకే చుట్టుకుపోయి పాన్‌బీడాల్లా వేలాడాయి. డ్రాయింగు పిన్నులు గుచ్చితే మూలలు చిరిగాయి, గుచ్చినప్పుడల్లా అత్త తన చెవి కుట్టినట్టు మొహం పెట్టింది. మైదాతో లై కాచి అట్టలకు అతికిస్తే పొద్దుటికల్లా వేయించిన అప్పడాలయ్యాయి. బరువు సూత్రం ప్రకారం కింద గులకరాళ్ళు కట్టాలని నేను వాదించాను, కట్టాను కూడా, గాలి వచ్చినప్పుడు మా అమ్మ ఫొటో పోయి కొత్తకోడలి ఫొటోను ఠపీమని కొట్టింది. అత్తాకోడళ్ళ కొట్లాట వరండాలకు కూడ వచ్చిందా, అంది నాయనమ్మ, ఫొటోలో ఎవరున్నారో చూడకుండానే.

అప్పుడు క్యాలెండర్ల ఆలోచన వచ్చింది. అది నాకే వచ్చిందని నేనంటాను, తనకే వచ్చిందని అమ్మ ఇప్పటికీ అంటుంది, ఈ తగవు తెగేది కాదు. ఉస్మాన్‌గంజ్ వ్యాపారులంతా కొత్త సంవత్సరానికి ఒకరికొకరు క్యాలెండర్లు పంచుకునేవారు, నాయన తెచ్చినవన్నీ అటక మీద పోగుపడి మా పుస్తకాలకు అట్టలవుతుండేవి. క్యాలెండరుకు పైన ఒక సన్నటి రేకు, కింద ఒక రేకు ఉంటాయి కదా, అందుకే ఏడాది పొడుగునా గోడ మీద తిన్నగా నిలబడుతుంది. అటక దింపి, పాత క్యాలెండర్ల రేకులన్నీ ఊడదీశాం. నేను నోటితో చెబుతుంటే అమ్మ వాటిని పొత్రంతో కొట్టి సాపు చేసింది. క్యాలెండరు బొమ్మ కాగితం దళసరిగా ఉంటుంది గనుక దాని తెల్లటి వెనకవైపు ఫొటోను అతికించి, కొలతకు కత్తిరించి, పైనా కిందా రేకులు దూర్చి పట్టకారుతో నొక్కాం. గోడకు తగిలిస్తే ఒక్కొక్కటి బళ్ళో పిల్లల్లా నిటారుగా నిలబడింది. చేత్తో పట్టుకోవచ్చు, దగ్గరికి తెచ్చుకుని చూడవచ్చు, అద్దం అడ్డం లేదు. వెనక్కి తిప్పితే మాత్రం ఒకదానికి సగం లక్ష్మీదేవి, ఒకదానికి వినాయకుడి తొండం, ఒకదానికి కృష్ణుడి ఆవు. వెనక్కి ఎవరు తిప్పుతారు లెమ్మనుకున్నాం.

నుమాయిష్ మొదటి సాయంత్రం ఆ గోడ ఎంత బాగుందో నేను చెప్పలేను. నడుమ నాయనమ్మ, చుట్టూ మా సందు సందంతా. జనం ఆగి చూశారు, నవ్వారు, వేలుపెట్టి చూపించుకున్నారు. అత్త స్టాలు వెనక ఊదుబత్తుల పెట్టె మీద కూర్చుని, గోడను కాకుండా గోడను చూసేవాళ్ళ మొహాలను చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు నాకు కాలేజీ, అత్తకు ఇంట్లో పని, సాయంత్రం మేము మైదానం చేరేసరికి గోడ బోసిగా ఉంది. ఫొటోలు లేవు. మేకులున్నాయి. ఊదుబత్తుల మామయ్య మాకు ఎదురొచ్చాడు, మొహం వెయ్యి బల్బుల వెలుగు.

"అన్ని తీస్కపోయిన్రమ్మా! ఒక్కటి మిగల్లే! క్యాలెండర్ ఇయ్యి, క్యాలెండర్ ఇయ్యి అని మీద పడ్డరు. పెద్ద కట్ట కొన్నోళ్ళకు ఒకటి, కొన్నోళ్ళకు ఒకటి ఇచ్చిన. ఊదుబత్తులు సుత ఖాళీ!"

కొత్త సంవత్సరం, ఊదుబత్తుల దుకాణం, పైనా కిందా రేకు, వెనక లక్ష్మీదేవి. చూసినవాళ్ళు మరేమనుకుంటారు? మామయ్య కూడా అవి మేము పంచడానికే తెచ్చామనుకున్నాడట, ఊరికే ఇస్తెనే గదమ్మా పేరొచ్చేది, అన్నాడు. నేనాయనతో ఎంత పోట్లాడానంటే పక్క స్టాలు గాజులాయన వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది. అప్పుడు కనిపించింది, గోడ పైమూలన ఒక్క ఫొటో ఇంకా వేలాడుతూనే ఉంది. నాది. వేలెత్తి పాలామెను దులుపుతున్నది. అదెందుకు మిగిలిందని అడిగాను, అడగకుండా ఉండాల్సింది. మామయ్య కాస్త మొహమాటపడి, అందరికి సూపిచ్చిన బిడ్డా, ఇంట్ల పెట్టుకుంటె లొల్లయితదన్నరు, అన్నాడు. ఇంతసేపూ రాయిలా నిలబడిన అత్త ఆ మాటకు ఫక్కున నవ్వింది, నవ్వుతూనే పెట్టె మీద కూలబడింది, ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియలేదు. ఫొటో కాగితం అయిపోయింది, బొంబాయి నుంచి మళ్ళీ వచ్చేసరికి నుమాయిష్ ఉండదు. నాయన వచ్చి చూసేది ఇక నా మొహమొక్కటే. ఆ ఇంటిదారిలో అత్త నాతో అంది, పల్లెలో స్నానాల గదికి పైకప్పు ఉండదే, చీకటి ఎట్లా చేసుకోవాలె, అని.

వారం తిరిగిందో లేదో, నాయనమ్మ కళ్ళద్దాలు వదులయ్యాయంటే బాగుచేయించడానికి ఆబిడ్స్ తీసుకెళ్ళాను. తిరిగి వస్తూ రిక్షా వద్దంది, గన్‌ఫౌండ్రీ మీదుగా నడిచి, ఒక పాన్‌డబ్బా ముందు బీడా కోసం ఆగింది. ఆగి, బిగించిన అద్దాలు ముక్కు మీదికి నెట్టుకుని, లోపలికి చూసింది. పాన్‌డబ్బా గోడ మీద నాయనమ్మ. మెడలో బంతిపూల దండ, ముందు వెలుగుతున్న ఊదుబత్తి, మామయ్య కంపెనీదే.

"ఏందిరా ఇది! నేనింక బతికే ఉన్న! దండ ఏసిందెవడు నాకు?"

పాన్‌డబ్బా అతను ముందు ఆమెను చూశాడు, తర్వాత గోడను చూశాడు, తర్వాత డబ్బా మీద నుంచి ఒక్క దూకు దూకి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "తల్లీ! మీరేనా! మాతాజీ!"

"మాతాజీ నీ తలకాయ! ఉస్మాన్‌గంజ్ చింతపండు సేటు తల్లిని. నా ఫొటో నీ కాడికెట్లొచ్చె?"

"ఊదుబత్తులకు ఇచ్చిన్రు తల్లీ. ఎనుక లచ్చుమమ్మ ఉన్నది గద, ముందటున్నది ఎవరో పెద్దతల్లి అనుకున్న. తారీఖులు లేవు, గదొక్కటే కొరత. గని మిమ్ముల పెట్టినకాంచి గిరాకీ మంచిగున్నది."

నాయనమ్మ నోరు తెరిచింది తిట్టడానికే, నాకు తెలుసు. కానీ తిట్టు కాస్త ఆగింది. "గిరాకీ పెరిగిందా?" అంది, వేరే గొంతుతో. ఔ తల్లీ, అన్నాడతను. ఆమె మళ్ళీ ఫొటో వైపు చూసింది, చాలాసేపు చూసింది. తన మొహాన్ని ఆమె అంత పెద్దగా ఎన్నడూ చూసుకుని ఉండదు, మా ఇంట్లో ఉన్న అద్దం బొట్టు పెట్టుకునేంతే. చివరికి దండ తీసి అతని చేతిలో పెట్టి, ఇది దేవునికి ఎయ్యి, బతికున్నదాన్ని నాకొద్దు, అంది. ఫొటో మాత్రం అడగలేదు. ఊదుబత్తి ఉండనియ్యి, వాసన మంచిగనే ఉన్నది, అంది.

తీసిందెవరని అతనడిగాడు. నా బిడ్డ, అంది నాయనమ్మ, ఆ మాట ఆమె అంత గర్వంగా అనడం నేను మొదటిసారి విన్నాను. ఆడామెనా, అని అతను బీడా చుట్టడం ఆపేశాడు. "మా అమ్మకు ఒక్క ఫొటో లేదు తల్లీ. ఆబిడ్స్‌ల స్టూడియోకు దోల్కపోతె ఆ మగాయన గడ్డం పట్టవచ్చిండని లేచొచ్చింది, మళ్ళ పోలే. మీ బిడ్డ తీస్తదా?" తియ్యకేం జేస్తది, అంది నాయనమ్మ, తన ఆయుష్షును కొల్లగొట్టిన నేరస్తురాలి తరఫున. ఇంటికి రాగానే అత్తను పిలిచి, చెప్పకుండా తీసినందుకు ఒక విడత తిట్టి, ముందుపళ్ళు లేనప్పుడే దొరికిన్నా నీకు అని రెండో విడత తిట్టి, ఆ తర్వాత ఇల్లంతా వినపడేలా, నా మొహం అంత మంచిగుంటదని మీరెవ్వలు నాకు చెప్పలేదేందే, అంది.

నాయన నుమాయిష్‌కు వస్తానన్న రోజు వచ్చింది. ఆయన సంగతి మీకు తెలియదు, గంజి లాల్చీ వేసుకుని, టోపీ సర్దుకుని, తీర్పు చెప్పే జడ్జీలా నాయనమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాడు, తీరా గేటు దగ్గర ఆపేశారు. ఆ రోజు ఆడవాళ్ళ రోజు. మగపురుగును లోపలికి రానివ్వరు, స్టాళ్ళలో కూడా వీలైనచోటల్లా ఆడవాళ్ళే కూర్చుంటారు. అందుకే ఊదుబత్తుల మామయ్య ఆ పూట తన స్టాలు నాకూ అత్తకూ అప్పజెప్పి పోయాడు. నాయన గేటు బయట పల్లీల బండి పక్కన నిలబడిపోయాడు, నాయనమ్మ ఒక్కతే, మహారాణిలా, లోపలికి నడిచింది.

ఆమె వచ్చేసరికి మా స్టాలు ముందు మనిషి దూరే సందు లేదు. పొద్దున ఒకావిడ వచ్చింది, మేమిచ్చిన క్యాలెండరుకు తారీఖులు లేవని దెబ్బలాడటానికి. నేను దెబ్బలాటకు సిద్ధమవుతుండగా, తారీఖులు పోనియ్యి గని, ఆ రొట్టె కొట్టే ఆమె అచ్చం మా అక్క లెక్కుంటది, వంటింట్ల పెట్టుకున్న, ఎవరు తీసిన్రమ్మా, అంది. అత్త చెప్పింది. ఆ తర్వాత ఇంకొకావిడ, ఆ తర్వాత బురఖాల్లో అక్కాచెల్లెళ్ళు, గోషా ఉన్న ఇంటికి వస్తారా అని దక్కనీ ఉర్దూలో అడిగారు. మొగుళ్ళు ఊదుబత్తులతో పట్టుకొచ్చిన ఆ ఫొటోలు ఇన్ని రోజులూ ఊరంతా ఇళ్ళల్లో, వంటిళ్ళల్లో వేలాడాయి, అద్దం లేదు గనుక చేతిలోకి తీసుకుని చూశారు, దేవతలను చూసే చోట తమలాంటి ఆడమనిషి నవ్వుతూ కనిపిస్తే, మనం కూడా ఇట్లా ఉంటామా అనిపించింది వాళ్ళకు. మొగుడైతే స్టూడియోకు తీసుకుపోడు, పోయినా ఆ వేలు ఉంటుంది. అందుకే ఆడవాళ్ళ రోజు కోసం కాచుకుని వచ్చారు.

ఆ గుంపులో ఎవరో నాయనమ్మను గుర్తుపట్టారు. ఇగో ఈమెనే, మా ఇంట్ల ఉన్నది ఈమెనే అని ఒకరు, మీ ఇంట్ల ఎట్లుంటది, పాన్‌డబ్బాల ఉన్నది ఈమె అని ఒకరు. ఆ మాటతో అందరూ ఆమె చుట్టూ చేరారు. నాయనమ్మ పెట్టె మీద కూర్చుని, కొంగు సర్దుకుని, ఫొటో దిగితే ఆయుష్షు తరగదని, తరిగితే తను ఇక్కడెట్లా కూర్చుంటుందని, మనసులో ఎవరినన్నా తిట్టుకుంటే మొహం మంచిగా వస్తుందని, అనుభవజ్ఞురాలిలా అందరికీ సలహాలిచ్చింది. ఒక చిన్నపిల్ల గోడ మీద మిగిలిన నా ఫొటో చూసి ఈమెవరని అడిగితే, అది మా ఇంటి పోలీసు, అంది.

సాయంత్రం మేము ముగ్గురం వచ్చేసరికి గేటు బయట నాయన పల్లీలు కూడా అయిపోయి కాగితం మడతపెడుతూ నిలబడి ఉన్నాడు. ఎవలన్న అడిగిన్రానే అమ్మా, అన్నాడు. నాయనమ్మ ఆయనను ఎగాదిగా చూసి, "అర్ర జూడు కొడుకా. స్టేషన్ రోడ్డు మీదనే జూడు. ముందటికి పర్దా ఉండాలె, ఎనుక చీకటి అర్ర ఉండాలె. నా తానపు గది నాకు ఖాళీ జేయిన్రి," అంది. అత్త నా చేయి పట్టుకుంది. నుమాయిష్ లైట్లు అప్పుడే వేశారు, ఆ వెలుగులో ఆమె మొహం తీయడానికి ఎవరి దగ్గరా కెమెరా లేకపోయింది.

అత్త బావగారు అన్న మాట ప్రకారం వచ్చాడు. స్టేషన్ రోడ్డులో అత్త అర్ర ముందు, పర్దా బయట, కుర్చీ వేసుకుని మరదలి పని అయ్యాక మాట్లాడదామని కూర్చున్నాడు, సాయంత్రమైనా పని కాలేదు. ఈలోగా లోపలికి తొంగిచూడబోయిన ఇద్దరు ముగ్గురు మగవాళ్ళను ఆయనే అదిలించాడు. చీకటి పడ్డాక లేచి, ఈడ నువ్వు లేకుంటె నడవదు పిల్లా, అన్నాడు. మరుసటి నెల తన భార్యను వెంటబెట్టుకొచ్చి ఫొటో తీయించుకుపోయాడు. పాన్‌డబ్బా అతని తల్లిది ఆ అర్రలో తీసిన మొదటి ఫొటో. అక్కడ తీసిన వాటిలో వేటికీ చట్రం లేదు, అన్నిటికీ కిందా పైనా రేకులే, అవి వంటిళ్ళ మసికి గోధుమరంగు తిరిగి, చేతి నూనె అంటి, పిల్లలు పేర్లు రాసి, ఏళ్ళ తరబడి మా వైపు గోడల మీద అట్లాగే ఉండేవి.

ఇప్పుడు ఆ రోడ్డున పోతే అర్ర ఉన్నచోట లాడ్జి లేచింది. ఆబిడ్స్‌లో గంటలో రంగుల ఫొటోలు చేతికిస్తారు, మిషను కడుగుతుంది, మిషనే ఆరబెడుతుంది, గడ్డం కింద వేలు పెట్టేవాళ్ళు లేరు, పెడితే ఊరుకునేవాళ్ళూ లేరు, అది మంచిదే, దాని కోసం వాదించినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. నేను పోగొట్టుకున్నది వేరే. సెలవుల్లో అత్త దగ్గర కూర్చునేదాన్ని. తడి ఆరని ఫొటోను అత్త రెండు చేతులతో పట్టుకొచ్చి ఆ ఆడమనిషి ముందు పెట్టేది. పెద్దింటామె అయినా, పాలామె అయినా, ఒక వేలు చాపి, కాగితం మీద తన చెంపను తనే మెల్లగా తాకి, ఎవరి ఫొటోనో చూస్తున్నట్టు అడిగేది, "ఇది నేనేనా?" అని. ఔ, నువ్వే, అనేది అత్త. ఈ ఊళ్ళో అట్లా అడిగిన గొంతు విని నాకు ఎన్నేళ్ళయిందో.